ఇరాక్‌లో ఊర్, మన ఊరు: రెండూ ఒకటేనా?

పానగల్లోడు (నల్లగొండ)

అందరికీ నమస్తే. మా ఇంటి వాట్సాప్ గ్రూపులో రెండు రోజుల నుంచి ఒకటే లొల్లి. మా చిన్నాయన ఒక ఫార్వర్డ్ పెట్టారు. ఇరాక్‌లో వేల ఏళ్ల కింద ఊర్ అనే నగరం ఉండేదట. ఊర్ అంటే ఊరే కాబట్టి లోకంలో మొదటి నగరం కట్టింది తెలుగువాళ్లట. పది మందికి పంపకపోతే తెలుగుతల్లికి ద్రోహమట. మా పాప ఎనిమిదో తరగతి. అది చదివి క్లాసులో లేచి చెప్పింది. టీచరమ్మ నవ్వి కూర్చోమన్నారు, ఎందుకు నవ్వారో మాత్రం చెప్పలేదు. ఇంటికి వచ్చి నా ప్రాణం తీస్తోంది. సంబంధం ఉందా, లేదా? లేకపోతే మాట, అర్థం రెండూ ఊరికే ఎట్లా కలుస్తాయి?

గోలీ సోడా (మిర్యాలగూడ)

మాట ఊరికే కలవడమేంది అన్నా, కలిసిందే ఊరికి కదా!

మాతృభాషాభిమాని (హైదరాబాద్)

ఇందులో అనుమానం ఎందుకు? వేల ఏళ్ల కింద ఇరాక్‌లో మాట్లాడిన సుమేరియన్ భాషలో నగరాన్ని ఉరు అంటారు. నేను స్వయంగా చూశాను. ఊర్ నగరం కూడా నిజమే, దాన్ని తవ్వి తీశారు. మనవాళ్లకే మన గొప్పతనం మీద నమ్మకం లేదు. నవ్విన టీచరును నిలదీయాలి.

దుందుభి (కల్వకుర్తి, ప్రస్తుతం బెంగళూరు)

టీచరమ్మను ఎవరూ నిలదీయకండి. అభిమాని గారు చెప్పిన వాటిలో రెండు నిజమే. సుమేరియన్‌లో నగరానికి ఉరు అనే మాట ఉంది, దాన్నే ఇరి అని కూడా చదువుతారు. ఊర్ శిథిలాలు దక్షిణ ఇరాక్‌లో నాసిరియా దగ్గర ఉన్నాయి. లియొనార్డ్ వూలీ అనే ఆయన 1922 నుంచి 1934 దాకా అక్కడ తవ్వకాలు జరిపాడు. చంద్రుడి గుడి కోసం మెట్లు మెట్లుగా కట్టిన పెద్ద కట్టడం ఇప్పటికీ అక్కడ నిలబడి ఉంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ ఊరివాళ్లు తమ ఊరిని ఊర్ అనలేదు. సుమేరియన్ రాతల్లో దాని పేరు ఉరిమ్. చివర మ్ ఉంది. అక్కడే ఇంకో పాత భాష మాట్లాడిన అక్కాడియన్ వాళ్ల నోట అది ఉరు అయింది, బైబిల్‌లో ఊర్ అయింది. మనకు తెలిసిన పేరు అట్లా అరిగి వచ్చినది. ఇంకోటి చూడండి. ఆ కట్టడం కట్టించిన రాజు పేరు ఉర్-నమ్ము. అందులో ఉన్న ఉర్‌కి నగరంతో పనిలేదు. సుమేరియన్‌లో ఉర్ అంటే కుక్క. రాజుల పేర్లలో వస్తే ఫలానా దేవతకు సేవకుడు, వీరుడు అనే అర్థం తీస్తారు. అంటే ఆ ఒక్క భాషలోనే ఈ చప్పుడుకు ఇన్ని దారులున్నాయి. ఫార్వర్డ్ రాసినాయన తనకు పనికొచ్చిన దాన్ని ఏరుకున్నాడు.

గోలీ సోడా (మిర్యాలగూడ)

ఉరిమ్ అంటే ఉరుమే కదా అక్కా. ఆ రోజు వాన పడి ఉంటది. మళ్లీ తెలుగే గెలిచింది.

దుందుభి (కల్వకుర్తి, ప్రస్తుతం బెంగళూరు)

తమ్మీ, నువ్వు జోక్ చేశావు కానీ అసలు జబ్బు అదే. ఊర్ అంటే ఊరు అంటాం, ఉరిమ్ అంటే ఉరుము అంటాం. ఏది చూపించినా ఏదో ఒకటి అతుకుతుంది. ఎప్పటికీ ఓడిపోని వాదనతో ఏం తేలుతుంది?

బండి ఱ (వనపర్తి)

నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన వాణ్ణి. సుమేరియన్ జోలికి పోను, నాకు రాదు. మన ఇంటి సంగతి చూద్దాం. మనం ఇప్పుడు ఊరు అని రాసే దాంట్లో రెండు వేరువేరు మాటలున్నాయి. మనముండే ఊరు మామూలు ర. నీళ్లు ఊరడం, నోరూరడం, మామిడికాయ ఊరడం, ఇవన్నీ బండి ఱ: ఊఱు. ఊరగాయను పాత నిఘంటువుల్లో ఊఱగాయ అనే రాస్తారు. తమిళంలో ఈ తేడా రాతలో ఇప్పటికీ ఉంది, ఊర్‌కి ఒక అక్షరం, ఊఱుకి ఇంకొకటి. మనం ఱను వదిలేశాం కాబట్టి రెండూ ఒకే గూటికి చేరాయి.

పిల్లలు ఇప్పటికీ అడుగుతుంటారు, ఊళ్లో పెడతారు కాబట్టి ఊరగాయా సార్ అని. ఇక సంస్కృతం నుంచి వచ్చిన ఊరువు ఉంది, అంటే తొడ. భీముడు దుర్యోధనుడి తొడ విరగ్గొట్టిన దాన్ని ఊరుభంగం అంటాం. ఒకసారి పరీక్షలో ఒక పిల్లవాడు ఊరుభంగం అంటే భీముడు ఊరిని పాడుచేయడం అని రాశాడు. అర మార్కు వేశాను. ఆలోచించాడు కదా పాపం.

ష్టుట్‌గార్ట్ సూర్యాపేట (జర్మనీ)

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో రైల్వే స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ వింటే గుండె ఝల్లుమనేది. ప్రతి రెండు నిమిషాలకు ఊర్, ఊర్ అని ఒకామె అంటూ ఉంటుంది. ఇంటి మీద బెంగతో ఉన్నవాడికి అట్లాగే వినిపిస్తుందేమో అనుకున్నా. జర్మన్‌లో ఊర్ అంటే గడియారం. టైమ్ చెప్పేటప్పుడు గంటలు అనడానికి కూడా అదే మాట. ఇంకో ఊర్ కూడా ఉంది, మాటకు ముందు తగిలిస్తే మొట్టమొదటిది, ఆదిమమైనది అని అర్థం. ఊర్‌వాల్ట్ అంటే మనిషి చెయ్యి పడని అడవి.

మా ఆఫీసులో ఒక హంగేరీ ఆయన ఉన్నాడు. వాళ్లకు ఊర్ అంటే దొర, పెద్దమనిషి. పక్క సీటు టర్కీ అతనికి ఉర్ అంటే ఒంట్లో లేచే గడ్డ. నేను మా ఊరు మా ఊరు అని ఫోన్‌లో మాట్లాడుతుంటే ఒకాయన టైమ్ చూసుకుంటాడు, ఒకాయన సర్దుకుని కూర్చుంటాడు, ఒకాయన డాక్టర్‌కి చూపించావా అంటాడు.

బండి ఱ (వనపర్తి)

బాబూ, నీ గడియారం మాట ఎక్కడి నుంచి వచ్చిందో నీకు తెలుసా? లాటిన్‌లో హోర, దానికి ముందు గ్రీకులో హోర. అది ఫ్రాన్స్ మీదుగా జర్మన్‌కి పోయి ఊర్ అయింది. ఇంగ్లిష్‌లో అవర్ కూడా అదే. ఇప్పుడు మీ ఇంట్లో పంచాంగం తీసి చూడు. శుక్ర హోర, గురు హోర అని ఉంటుంది. మన జ్యోతిషంలోకి ఆ హోర గ్రీకుల నుంచే వచ్చింది. కాబట్టి నీ స్టేషన్‌లో వినిపించే ఊర్ మన ఊరికి ఏమీ కాదు, కానీ మన పంచాంగంలో హోరకు మాత్రం సొంత చుట్టం. చప్పుడులో చూస్తే ఊర్ ఎక్కడ, హోర ఎక్కడ!

పానగల్లోడు (నల్లగొండ)

సారూ, ఇది మా పాపకు చదివి వినిపించా. పంచాంగం పట్టుకుని తిరుగుతోంది. ఒక డౌట్ అడగమంది: మరి ఏది చుట్టమో, ఏది కాదో ఎట్లా తెలుస్తది? చూస్తే తెలియదు అంటున్నారు కదా.

మక్తల్ మామ (మక్తల్)

ఇది నేను చెప్తా. మాది సరిహద్దు. ఇంట్లో తెలుగు, రాయచూరు సంతలో కన్నడ. రాయచూరులో ఉన్నది కూడా మన ఊరే. అక్కడ ఊరు అంటే ఊరే, తమిళానికి పోతే ఊర్. ఇది చూడగానే తెలిసే చుట్టరికం. కానీ ఊరూ పేరూ అంటాం కదా, అందులో రెండోది చూడు. మనకు పేరు. కన్నడంలో హెసరు. ఎవడన్నా ఒకటే మాట అంటాడా? కానీ ఒకటే. మన ప కన్నడంలో హ అయింది. ఇదేదో ఒక్క మాటకు కాదు, వరుసగా పాలు హాలు అయింది, పులి హులి అయింది, పువ్వు హూవు అయింది. పాత కన్నడంలో హెసరు కూడా పెసర్ అనే ఉండేది. తమిళంలో పెయర్.

చిన్నప్పుడు మా మేనత్త ఇంట్లో హెసరుబేళె తెమ్మంటే నేను బిక్కమొహం వేసేవాణ్ణి. హెసరు అంటే పేరు కదా, పేరుపప్పు ఏంది అని! అది పెసరపప్పు. అక్కడ కూడా ప పోయి హ వచ్చింది. మరి కన్నడంలో పేరుకూ పెసరకూ ఒకటే చప్పుడు. పేరుకూ పెసరకూ మాత్రం ఏ సంబంధం లేదు. అర్థమైందా పాపా? ఒకే రకంగా మారిన మాటలు వరుసగా పది దొరకాలె. ఒక్కటి దొరికితే అది లెక్కలోకి రాదు.

మాతృభాషాభిమాని (హైదరాబాద్)

ఇవన్నీ తెల్లవాళ్లు నేర్పిన లెక్కలు. సుమేరియన్లకు సింధు లోయతో వ్యాపారం ఉండేది. ఊర్ సమాధుల్లో మన దేశపు ఎర్రరాతి పూసలు దొరికాయి. సరుకు పోయినప్పుడు మాట పోదా?

దుందుభి (కల్వకుర్తి, ప్రస్తుతం బెంగళూరు)

పూసలు దొరికిన మాట నిజం. వ్యాపారం కూడా నిజం. మెలుహ్హ అనే దేశం నుంచి పడవలు వచ్చేవని వాళ్ల రాతల్లో ఉంది, అది సింధు ప్రాంతమేనని చాలామంది పండితులు అంటారు. కానీ సరుకుతో పోయే మాటలు ఎట్లాంటివో మన దగ్గరే చూడండి. తెలంగాణలో ఉర్దూ నుంచి వచ్చిన మాటలు ఏవి? జేబు, కుర్చీ, దర్వాజ, కిరాయి. వస్తువు, పాలన, కొత్త అలవాటు వెంట వచ్చినవి. చెయ్యి, కన్ను, నీళ్లు, ఊరు, ఇవి రాలేదు. నాలుగు వందల ఏళ్లకు పైగా పక్కపక్కన బతికినా రాలేదు. పూసలు అమ్మడానికి వచ్చిన వాళ్ల దగ్గర నగరాలు కట్టినవాళ్లు నగరం అనే మాటను అప్పు తీసుకున్నారని ఎట్లా నమ్మాలి? పైగా సింధు లిపిని ఇంతవరకు ఎవరూ చదవలేదు. అక్కడ ఏ భాష మాట్లాడారో తేలకుండా ఆ భాషలో మాట ఎగుమతి అయిందని ఎట్లా అంటాం?

సుమేరియన్‌కి ఇప్పటిదాకా ఒక్క చుట్టం కూడా దొరకలేదు, అది ఒంటరి భాష. ఒంటరి భాష కనిపిస్తే చాలు, ప్రతివాళ్లూ మా వంశమే అని వస్తారు. బాస్క్ అని స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులో ఇంకో ఒంటరి భాష ఉంది. అందులో ఉర్ అంటే నీళ్లు. దాన్ని మన ఊఱుతో కలిపి, ఊట ఊరినట్టు నీళ్లు ఊరాయి కాబట్టి బాస్క్ వాళ్లు కూడా తెలుగువాళ్లే అని రేపు ఇంకో ఫార్వర్డ్ రావచ్చు. బండి ఱ సారు చెప్పిన మూడు మాటలు చేతిలో ఉంటే, గ్రామమో, నీళ్లో, తొడో, ఎక్కడ ఏది కనిపించినా కలిపేయొచ్చు.

గోలీ సోడా (మిర్యాలగూడ)

నేనూ కష్టపడి వెతికిన. జపనీస్‌లో ఉరు అంటే అమ్మడం. తాహితిలో ఉరు అంటే పనసలాంటి ఒక కాయ, కూరపనస. దక్షిణ అమెరికాలో ఐమరా అనే భాషలో ఉరు అంటే రోజు. ఇప్పుడు కథ చెప్తా: మనోడు ఒక రోజు ఊరి నుంచి కూరపనస తీస్కపోయి జపాన్‌లో అమ్మిండు. నాలుగు భాషలు కలిపిన. నాకు డాక్టరేట్ ఇయ్యండి.

చింతచెట్టు కింద (దేవరకొండ)

నవ్వుకున్నాం కానీ, అభిమాని గారి కోపం నాకు అర్థమవుతుంది. తెలుగు సంస్కృతం నుంచే పుట్టిందని చిన్నప్పుడు మాకు కూడా నూరిపోశారు. అది తప్పని మొదట గట్టిగా నిరూపించి అచ్చు వేసింది మద్రాసు కలెక్టర్‌గా ఉన్న ఎల్లిస్, 1816లో. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందు మాటగా వచ్చింది. ఆయన ఒక్క మాట పట్టుకుని చెప్పలేదు. సంస్కృతం, తెలుగు ధాతువులు పక్కపక్కన పెట్టాడు. తర్వాత తెలుగు, తమిళం, కన్నడం మాటలు వరుసల కొద్దీ పెట్టి చూపించాడు. తెలుగుకు సొంత ఇల్లు ఉందని తేల్చింది ఈ లెక్కే. మన గౌరవం నిలబెట్టిన లెక్కను మనమే తెల్లవాళ్ల లెక్క అని పారేస్తే ఎట్లా?

మాతృభాషాభిమాని (హైదరాబాద్)

ఎల్లిస్ సంగతి నాకు తెలియదు. చదువుతాను. అయినా చప్పుడూ అర్థమూ రెండూ కలవడం నాకు మింగుడు పడటం లేదు. ఒకటి కలిస్తే యాదృచ్ఛికం. రెండూ కలిస్తే?

దుందుభి (కల్వకుర్తి, ప్రస్తుతం బెంగళూరు)

ఇది మంచి ప్రశ్న. బద్నాం, బద్మాష్ అంటాం కదా. అందులో బద్ అంటే చెడు, ఫారసీ మాట. ఇంగ్లిష్‌లో బ్యాడ్ అంటే కూడా చెడే. చప్పుడూ కలిసింది, అర్థమూ కలిసింది. పైగా ఫారసీ, ఇంగ్లిష్ దూరపు చుట్టాలు కూడా. అయినా ఈ రెండు మాటలకూ సంబంధం లేదు. వెనక్కి పోతే ఫారసీ బద్ పాత రూపం వద్ అని ఉంటుంది, ఇంగ్లిష్ దారి వేరు. ఇంతకన్నా విచిత్రం ఆస్ట్రేలియాలో ఉంది. క్వీన్స్‌లాండ్‌లో ఎంబబరం అనే ఆదివాసీ భాషలో కుక్కను డాగ్ అనే అనేవాళ్లు. ఇంగ్లిష్ నుంచి తీసుకున్నది కాదు. పక్క భాషల్లో గుడగ అని ఉంది, అది ఒక పద్ధతిలో అరిగి డాగ్ అయింది. మాట పొట్టిదైన కొద్దీ ఇట్లా కలవడం తేలిక. ఊర్ అంటే ఒక అచ్చు, ఒక హల్లు, అంతే కదా.

పాప గనక అమ్మ సంగతి అడిగితే, అది ఇంకో కథ. పసిపిల్లల పెదాలకు మొదట దొరికేవి మ, ప, బ. అందుకే లోకమంతా అమ్మలు, మామలు. జార్జియా దేశంలో మాత్రం మామ అంటే నాన్న, అమ్మను దేద అంటారు.

మక్తల్ మామ (మక్తల్)

నన్ను జార్జియాలో ఎవరూ పిలవకండి, పిల్లల బాధ్యత నెత్తిన పడేట్టుంది.

జాన్‌పహాడ్ బస్సు (హుజూర్‌నగర్)

ఇంతసేపు చదువుతున్నా, రాయబుద్ధి కాలేదు. ఇప్పుడు నాదొకటి. మా వైపు జాన్‌పహాడ్ దర్గా ఉంది. సైదులుకు మొక్కుకుని యాటను కోసి కందూరు చేస్తాం. మతంతో పనిలేదు, అందరూ చేస్తారు. మొన్న ఒకాయన, కందూరు చోడులని రాజులుండేవాళ్లు, పానగల్లు నుంచి ఏలారు, కందూరు వాళ్లు పెట్టిన పండుగే అన్నాడు. కందూరు అనే ఊరు పాలమూరు దగ్గర ఇప్పటికీ ఉంది. నేను నమ్మేశా. ఇదీ ఫార్వర్డేనా?

దుందుభి (కల్వకుర్తి, ప్రస్తుతం బెంగళూరు)

మీరు ఇన్ని పోస్టులకు సరిపోయే మాట తెచ్చారు. రాజులు నిజమే, పదకొండు, పన్నెండు శతాబ్దాల్లో నల్లగొండ, పాలమూరు భాగాలు ఏలారు. వాళ్ల కందూరులో ఉన్నది మన ఊరే. దర్గా దగ్గర చేసే కందూరు మాత్రం ఫారసీ మాట, కందూరీ. అక్కడ మొదట భోజనానికి పరిచే గుడ్డ. తర్వాత మొక్కు భోజనం అయింది. రెండు కందూర్లూ మన తెలంగాణలోనే ఉన్నాయి, చుట్టరికం లేదు.

ఇప్పుడు మలయా, ఇండోనేషియా వైపు పోండి. అక్కడ శుభకార్యానికో, పోయినవాళ్ల పేరు మీదో నలుగురికి పెట్టే భోజనాన్ని కెందురి అంటారు. చప్పుడు కొంచెం మారింది, సముద్రం అడ్డం ఉంది, అయినా అది మీ జాన్‌పహాడ్ కందూరే. అదే ఫారసీ మాట రెండు దారుల్లో పోయింది. పాలమూరు కందూరు పరాయిది, ఇండోనేషియా కెందురి మనది.

బండి ఱ (వనపర్తి)

శభాష్ అమ్మా. ఉర్సు సంగతి కూడా చెప్పేస్తే సరిపోతుంది, లేకపోతే రేపు అది కూడా ఊరే అంటారు. ఉర్సు అరబ్బీ మాట, దానికి పెళ్లి అని అర్థం. దర్గాలో ఉన్న మహాత్ముడు దేహం వదిలిన రోజు ఆయన దేవుడిలో కలిసిన రోజు కాబట్టి పెళ్లి.

చింతచెట్టు కింద (దేవరకొండ)

సారూ, మరి సింగపూర్‌లో? అది కూడా మన ఊరేనని మా బామ్మర్ది పందెం కట్టాడు.

బండి ఱ (వనపర్తి)

పందెం నువ్వే గెలిచావు. అది సింహపురం, సంస్కృతం పుర. గ్రీకుల పోలిస్‌కి చుట్టం. నెల్లూరును, వేలూరును ఇంగ్లిష్‌వాళ్లు ఓర్ అని రాస్తే చివర అంతా ఒక్కలాగే కనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. మైసూరు, బెంగళూరులకు 2014 నవంబర్ 1 నుంచి ఇంగ్లిష్ రాతలో కూడా ఊరు తిరిగి వచ్చింది. మన చండూరు బోర్డు మీద ఇంకా చండూర్ అనే ఉంటుంది. ఆ ఒక్క కొమ్ము పెట్టడానికి ఎంత రంగు ఖర్చవుతుందో మరి.

మాతృభాషాభిమాని (హైదరాబాద్)

సరే, ఊర్ సంగతి వదిలేస్తున్నా. కందూరు, కెందురి సంగతి మాత్రం మా గ్రూపులో పెడతా. పది మందికి పంపమని కింద రాయను.

పానగల్లోడు (నల్లగొండ)

ఇదంతా ప్రింట్ తీసి మా చిన్నాయనకు ఇచ్చిన. మొత్తం చదివి, కళ్లద్దాలు తీసి, అయితే మనం సుమేరియాకు పోలేదంటవ్ అన్నారు. పోలేదు చిన్నాయనా అన్నా. పోనీ బొడ్రాయి పండుగకన్నా రమ్మను వాళ్లను అన్నారు. పాప మాత్రం టీచరమ్మకు చెప్పడానికి గ్రీకు హోర, పంచాంగం హోర రెండూ నోట్‌బుక్‌లో రాసుకుంది. అందరికీ దండాలు.

జాన్‌పహాడ్ బస్సు (హుజూర్‌నగర్)

జనవరిలో ఉర్సుకు మా ఇంట్లో కందూరు ఉంది. ఇక్కడ రాసిన వాళ్లంతా రావాలె. మక్తల్ మామను ముందే పిలుస్తున్నా, ఆయనకు బస్సు దూరం. సార్లకు, మేడమ్‌కు నేనే మిర్యాలగూడ స్టేషన్‌కు వస్తా.

గోలీ సోడా (మిర్యాలగూడ)

స్టేషన్ మా ఇంటి పక్కనే, సార్లను నేను తీసుకొస్తా. ఊరికే వస్తా అన్నా, పైసా తీసుకోను.

మక్తల్ మామ (మక్తల్)

ఏ ఊరికే?